గరాజ్ మూలన పడ్డ కెగ్గు: కడిగి వాడాలా, కొత్తది కొనాలా?

పోయిన ఎండాకాలం టెక్సస్‌లోని మా ప్లేనోలో ఒక స్నేహితుడు ఇల్లు మారుతూ గరాజ్ ఖాళీ చేశాడు. ఒకప్పుడు ఇంట్లోనే బీరు చేసేవాడు, పిల్లలు పుట్టాక మానేశాడు. "తమ్ముడూ, వీటిని పారెయ్యబుద్ధి కావట్లేదు, నువ్వు తీసుకెళ్ళు" అని మూడు స్టీలు కెగ్గులు, అంటే బీరు నింపి గ్యాస్ ప్రెషర్‌తో బయటికి పోసుకునే డబ్బాలు, నా కారులో పెట్టాడు. నాలుగేళ్ళుగా ఎవరూ మూత తియ్యలేదు. ఇంటికొచ్చి తీసి చూస్తే ఒకదాంట్లో అడుగున ఎండిపోయిన బీరు మడ్డి. రెండోది చూడ్డానికి శుభ్రంగానే ఉంది కానీ కోలా వాసన గుప్పుమంది. మూడోదాని అడుగున గోధుమ రంగు చుక్కలు.

మూడిటికీ ఒకటే పొడి వేసి కడిగేద్దామనుకున్నాను. కుదరలేదు. ఎందుకంటే అవి మూడు వేరు వేరు జబ్బులు. కెగ్గు బాగుచెయ్యడంలో ఎక్కువమంది పడే ఇబ్బంది ఇక్కడే ఉంది: ఏ క్లీనర్ ఘాటైనదని అడుగుతారు తప్ప లోపలున్న మురికి ఏ రకందని చూడరు. ఇక్కడి పోలికంతా ఆ ప్రశ్న చుట్టూనే.

ఒక మాట ముందే. అమెరికాలో ఇంట్లో బీరు చేసుకోవడాన్ని ఫెడరల్ చట్టం ఒప్పుకుంది. 1978లో ప్రెసిడెంట్ కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం వయసొచ్చినవాళ్ళు ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువ మంది ఉంటే 200 గాలన్లు చేసుకోవచ్చు. అమ్మకూడదు. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు మాత్రం 2013లో గానీ ఒప్పుకోలేదు. మన ఆంధ్ర, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా మద్యం తయారుచెయ్యడం నేరం. కాబట్టి ఇదంతా ఇక్కడున్న మనవాళ్ళ కోసం రాస్తున్నాను.

మూత తియ్యకముందు

ఇంటి బీరు వాళ్ళ దగ్గర ఉండేవి ఎక్కువగా ఐదు గాలన్ల సోడా కెగ్గులు, అంటే దాదాపు 19 లీటర్లు. కార్నీలియస్ కంపెనీ పేరు మీద అందరూ కార్నీ కెగ్గులంటారు. ఒకప్పుడు హోటళ్ళకి కోలా సిరప్ వీటిలోనే వచ్చేది. తర్వాత ఆ కంపెనీలు అట్టపెట్టెలో ప్లాస్టిక్ సంచికి మారిపోయాయి, పాత స్టీలు కెగ్గులు చవగ్గా బయటికొచ్చి ఇంటి బీరు వాళ్ళ చేతికి చిక్కాయి.

లోపల ప్రెషర్ మిగిలి ఉండొచ్చు, ఎన్నేళ్ళయినా సరే. మూత మీద రింగు ఉంటే లాగి గాలి మొత్తం పోనివ్వండి. కొన్ని పాత కెగ్గుల మూతలకి చేత్తో లాగే రింగు ఉండదు. కెగ్గు పైన గొట్టాలు తగిలించే రెండు మొనలుంటాయి, వాటిని పోస్టులంటారు: ఒకటి గ్యాస్ లోపలికి, ఇంకోటి బీరు బయటికి. అప్పుడు గ్యాస్ వైపు పోస్టు మధ్యలో ఉన్న చిన్న వాల్వుని స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి పట్టుకోవాలి. బుసబుస పూర్తిగా ఆగేదాకా వదలొద్దు, మొహం దూరంగా పెట్టండి. పోస్టుకి పానా వేసేది దాని తర్వాతే.

బార్లలో ఉండే పెద్ద శాంకీ కెగ్గు, అంటే 15.5 గాలన్లది, ఎవరైనా ఊరికే ఇస్తానన్నా నేను తీసుకోవద్దంటాను. దానికి రెండు కారణాలు. మొదటిది, అది బ్రూవరీ సొత్తు. డిపాజిట్ కట్టినంత మాత్రాన మనదైపోదు. రెండోది ఇంకా ముఖ్యం. కార్నీ మూత లోపలి నుంచి పైకి నొక్కుకుని మూసుకుంటుంది, ప్రెషర్ ఉంటే ఊడి రాదు. శాంకీలో నిలువునా ఉండే గొట్టం ఒక రింగు మీద ఆధారపడి ఉంటుంది. ప్రెషర్ ఉండగా ఆ రింగు తీస్తే గొట్టం బాణంలా ఎగిరొస్తుంది. దానివల్ల ప్రాణాలు పోయిన సంగతులున్నాయి. శాంకీ మీద ఆశ ఉంటే, అమ్మే హక్కున్న వాళ్ళ దగ్గర ఖాళీది కొనుక్కోండి.

బాగుచెయ్యాలా, కొత్తది కొనాలా

ఫోన్ టార్చి, చిన్న అద్దం ఉంటే చాలు. టార్చి లోపలికి పట్టి అడుగునీ, గోడల అతుకుల్నీ, మూత కూర్చునే అంచునీ నిదానంగా చూడండి. కెగ్గు ఒంటి మీద సొట్టలుంటే పట్టించుకోనక్కర్లేదు. పైనా కిందా ఉండే నల్ల రబ్బరు ఊడినా, దాని కింద కాస్త తుప్పు కనిపించినా పైపైదే. అక్కడ నీళ్ళు నిలిచి వస్తుంది.

వదిలెయ్యాల్సిన కారణాలు మూడే అనిపించింది నాకు. మూత కూర్చునే అంచు వంగిపోవడం ఒకటి. పోస్టు బిగించే మరలు అరిగిపోవడం రెండోది. మూడోది, లోపలి గోడ మీద గోరు తగిలేటంత గుంటలు పడటం. మచ్చ వేరు, గుంట వేరు. మచ్చ తుడిస్తే పోతుంది. గుంట పోదు, అందులో బీరు దాక్కుంటుంది, బాక్టీరియా దాక్కుంటుంది, ఏ శానిటైజర్ కూడా అక్కడిదాకా సరిగా చేరదు.

ఈ మూడూ లేకపోతే పాతదే ఉంచుకోండి. ఈ కెగ్గులు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసినవి, సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. ఆ క్రోమియం గాలి తగలగానే కంటికి కనపడని పలచని పొర కట్టి స్టీలుని కాపాడుతుంది. పొర గీసుకుపోయినా మళ్ళీ కడుతుంది. అందుకే ముప్ఫై, నలభై ఏళ్ళ కెగ్గులు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. పాడయ్యేది రబ్బరు, దాని ఖరీదు కొద్ది డాలర్లే. కొత్త కెగ్గు డబ్బుతో పాతవి రెండు బాగుచెయ్యొచ్చు. ఒక శనివారం మీది కాదనుకుంటే చాలు.

కొత్తది కొనమని నేను చెప్పేది ఒక్క సందర్భంలో. మీరు మొట్టమొదటిసారి బీరు చేస్తున్నారు, కెగ్గు విప్పి బిగించడం అలవాటు లేదు. అలాంటప్పుడు బీరు పాడైతే తప్పు వంటదా, కెగ్గుదా తెలియక టెన్షన్ పడతారు. మొదటి రెండు మూడు విడతలు కొత్తదాంట్లో చెయ్యండి, పాతవాటి సంగతి తర్వాత చూడొచ్చు.

బాల్-లాకా, పిన్-లాకా అన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. పోస్టుకి గొట్టం కనెక్టర్ తగులుకునే పద్ధతిని బట్టి వచ్చిన పేర్లు ఇవి. పెప్సీ వాళ్ళవి బాల్-లాక్, కోక్ వాళ్ళవి పిన్-లాక్. పిన్-లాక్ కాస్త పొట్టిగా, లావుగా ఉంటుంది. గ్యాస్ పోస్టుకి రెండు ముళ్ళు, బీరు పోస్టుకి మూడు ముళ్ళు, కాబట్టి పొరపాటున తారుమారుగా తగిలించలేం. ఆ మాటకొస్తే అది మంచి డిజైన్. కానీ ఇప్పుడు కొత్తగా వచ్చేవి దాదాపు అన్నీ బాల్-లాకే, విడిభాగాలూ దానికే సులువుగా దొరుకుతాయి. ఒకే ఫ్రిజ్‌లో రెండు రకాలు కలిపితే కనెక్టర్లు కూడా రెండు రకాలు కొనాలి. ఉన్నవన్నీ ఒకే రకం ఉండేలా చూసుకోండి. పొట్టి ఫ్రిజ్ ఉన్నవాళ్ళకి మాత్రం పిన్-లాకే నయం.

విప్పడం

పోస్టులు విప్పడానికి డీప్ సాకెట్ కావాలి. బాల్-లాక్‌కి కంపెనీని బట్టి 11/16 లేదా 7/8 అంగుళం సరిపోతుంది. గ్యాస్ పోస్టు, బీరు పోస్టు ఒకేలా కనిపిస్తాయి కానీ ఒకటి కావు. బాల్-లాక్‌లో గ్యాస్ పోస్టు అడుగున చిన్న గాట్లుంటాయి. రెండిటినీ వేరు గిన్నెల్లో వెయ్యండి. ఒక కెగ్గు భాగాలు ఇంకో కెగ్గువాటితో కలవనివ్వొద్దు, కంపెనీని బట్టి మరలు మారతాయి. నేను మొదటి కెగ్గు భాగాలన్నీ ఒక స్టీలు డబ్బాలో పెట్టి మూత మీద మార్కర్‌తో 1 అని రాసుకున్నాను, మిగతావీ అలాగే.

లోపల పొడుగు గొట్టం ఉంటుంది, బీరు పైకొచ్చే దారి అది. అద్దంలా మెరిసే కెగ్గులో కూడా మురికి దాక్కునేది ఈ గొట్టంలో, పోస్టు లోపలి వాల్వులో. నా మొదటి కెగ్గు గొట్టంలో సన్నటి బ్రష్ దూర్చి తీస్తే నల్లటి జిగురు వచ్చింది. కెగ్గు ఒక్కటే కడిగి ఇది వదిలేస్తే పోసే ప్రతి గ్లాసూ ఆ జిగురు మీద నుంచే వస్తుంది.

క్లీనర్లు: ఏ మురికికి ఏది

ఎండిన బీరు, ఈస్ట్ మడ్డి, బూజు ఇవన్నీ జీవపదార్థాలు. వీటికి క్షారం కావాలి. మన ఇళ్ళలో జిడ్డు గిన్నెలకి బూడిద వేసి తోమింది ఇందుకే, బూడిదలో ఉండేది క్షారమే.

ఇంటి బీరు వాళ్ళలో ఎక్కువమంది వాడేది పీబీడబ్ల్యూ అనే పొడి. సోడియం పెర్‌కార్బనేట్, మెటాసిలికేట్, ఇంకా నీళ్ళలోని కాల్షియంని పట్టి ఉంచే పదార్థాలు ఉంటాయి. గాలన్ నీళ్ళకి ఒకటి నుంచి రెండు ఔన్సులు, 140 నుంచి 160 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి, అంటే 60 నుంచి 70 సెంటీగ్రేడ్. రాత్రి నానబెట్టి పొద్దున్న చూస్తే మడ్డి దానంతటదే విడిపోయి తేలుతుంది. ధర ఎక్కువ, అదొక్కటే లోపం.

దానికి పోటీ బట్టల మరకలు వదిలించే ఆక్సీక్లీన్ పొడి, వాసనా రంగూ లేని రకం మాత్రమే. వాసన ఉన్నది వాడితే ఆ సెంటు కెగ్గులో దిగిపోతుంది. పనిచేసే సరుకు ఇందులోనూ పెర్‌కార్బనేటే, నీళ్ళలో కలిస్తే హైడ్రోజన్ పెరాక్సైడ్, చాకలి సోడాగా విడిపోతుంది. పీబీడబ్ల్యూ కన్నా బాగా చవక. కడిగాక చేతికి జారుడుగా ఒక పొర మిగులుతుంది, రెండు మూడు సార్లు నీళ్ళతో తొలవాలి. గట్టినీళ్ళు, అంటే కాల్షియం ఎక్కువున్న నీళ్ళు వచ్చే ఊళ్ళో తెల్లటి పొర కూడా కడుతుంది. చాలామంది ఏడు పాళ్ళ ఆక్సీక్లీన్‌కి మూడు పాళ్ళు సోడియం మెటాసిలికేట్ కలుపుకుంటారు. అలా కలిపితే తొలవడం తేలికవుతుంది.

నా ఎంపిక చెప్పమంటే, ఒకటి రెండు కెగ్గులున్నవాళ్ళు పీబీడబ్ల్యూ చిన్న డబ్బా కొనండి. మూడుకి మించి ఉంటే ఆక్సీక్లీన్ మిశ్రమం. రెండిటి ఫలితంలో పెద్ద తేడా నాకు కనపడలేదు. తేడా తెచ్చేవి వేడి, సమయం. చల్లటి నీళ్ళలో ఖరీదైన పొడి అరగంట నానబెట్టడం కన్నా వేడినీళ్ళలో చవకది రాత్రంతా ఉంచడం మేలు.

పెర్‌కార్బనేట్ ఉన్న ఏ ద్రావణాన్నీ కెగ్గులో పోసి మూత బిగించి వదిలెయ్యొద్దు. అది ఆక్సిజన్ వదులుతూనే ఉంటుంది, లోపల ప్రెషర్ పెరుగుతుంది. మూత తీసే ఉంచండి. ద్రావణం కెగ్గులోనే ఎండిపోనివ్వొద్దు, ఎండితే తెల్ల పొర వదిలించడం ఇంకో పని.

కాస్టిక్ సోడా సంగతి. బ్రూవరీల్లో అదే వాడతారు, మురికిని నిజంగా తినేస్తుంది. కానీ వాళ్ళకి పంపులు, మూసిన గొట్టాలు, కళ్ళకీ చేతులకీ రక్షణ, నేర్పిన మనుషులు ఉంటారు. మన గరాజ్‌లో పిల్లలు తిరుగుతుంటారు. ఒక్క చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం. పైగా కెగ్గులో కార్బన్ డయాక్సైడ్ మిగిలి ఉంటే కాస్టిక్ దాంతో కలిసి బలం కోల్పోతుంది. ఇంటి కెగ్గుకి ఇది అవసరమైన సందర్భం నాకు ఇంతవరకూ రాలేదు.

బ్లీచ్ వద్దే వద్దు. అందులోని క్లోరిన్ స్టీలు మీది కాపలా పొరని చీల్చి గుంటలు పెడుతుంది. ఇందాక చెప్పిన, కెగ్గు పారెయ్యాల్సిన గుంటలు బ్లీచ్ నానబెట్టి మర్చిపోయినా పడతాయి. యాసిడ్‌తో కలిస్తే విషవాయువు కూడా వస్తుంది. ఇదే కారణంతో ఇంకో హెచ్చరిక: ఇత్తడి బిందెలకి చింతపండు, ఉప్పు కలిపి తోమే అలవాటు మన ఇళ్ళలో ఉంది. ఇత్తడికి అది బాగుంటుంది. స్టీలు మీద పులుపు, ఉప్పు కలిసి కూర్చుంటే ఉప్పులోని క్లోరైడ్ అదే గుంటల పని చేస్తుంది.

క్షారానికి లొంగనివి

క్షారంతో కడిగాక కూడా గోడ మీద గరుగ్గా, బూడిద రంగులో ఏదో మిగిలితే అది బీర్‌స్టోన్. బీరులోని ఆక్సలేట్, నీళ్ళలోని కాల్షియం కలిసి కట్టిన రాయి, ప్రొటీన్‌తో అతుక్కుని ఉంటుంది. దీనికి యాసిడ్ కావాలి. ఫాస్ఫారిక్, నైట్రిక్ యాసిడ్లు కలిపిన బీర్‌స్టోన్ క్లీనర్లు దొరుకుతాయి, గ్లవ్స్, కళ్ళద్దాలు పెట్టుకుని వాడాలి. పొర పలచగా ఉంటే ముందు వంటింట్లోని నిమ్మ ఉప్పు వేడినీళ్ళలో కలిపి ప్రయత్నించి చూడండి. పేరులో ఉప్పు ఉన్నా అది సిట్రిక్ యాసిడే, స్టీలుకి హాని లేదు. మందంగా ఉన్న బీర్‌స్టోన్‌ని మాత్రం అది కదిలించలేదు.

గోధుమ చుక్కలకి మందు వేరు. బార్ కీపర్స్ ఫ్రెండ్ అనే పొడిలో ఆక్సాలిక్ యాసిడ్ ఉంటుంది, తుప్పుని తీసేస్తుంది. తడిగుడ్డ మీద వేసి స్టీలు గీత వెంబడే మెల్లగా రుద్ది, ఎక్కువసేపు ఉంచకుండా బాగా కడిగెయ్యాలి. స్టీలు పీచు ముట్టుకోవద్దు. ఆ పీచు మామూలు ఇనుము, దాని నలుసులు గోడలో దిగి కొత్త తుప్పు పుట్టిస్తాయి. రుద్దిన చోట పైపొర పోయి ఉంటుంది కాబట్టి కడిగాక నిమ్మ ఉప్పు నీళ్ళు పట్టించి, తొలిచి, గాలికి ఆరనివ్వండి. ఒకరోజు ఆగి మళ్ళీ చూడండి. చుక్కలు రాకపోతే స్టీలు బాగున్నట్టు.

నా మూడో కెగ్గులో చుక్కలు పోయాయి, వాటి కింద గుంటలు బయటపడ్డాయి. అడుగు అతుకు దగ్గర నాలుగైదు చోట్ల గోరు తగిలింది. ఇంకో రెండు రోజులు తంటాలు పడ్డాక దాన్ని బీరుకి వాడకూడదని నిర్ణయించాను. ఇప్పుడది పంపు గొట్టాలు కడిగే నీళ్ళకి పనికొస్తోంది.

కోలా వాసన, రబ్బరు

రెండో కెగ్గుని పీబీడబ్ల్యూలో రెండుసార్లు నానబెట్టాను, వాసన పోలేదు. స్టీలు వాసన పట్టదు, రబ్బరు పడుతుంది. కుక్కర్ గాస్కెట్ ఎంత తోమినా సాంబారు వాసన పోదు కదా, ఇదీ అంతే. ఒక కెగ్గుకి రబ్బరు రింగులు ఐదు: మూతకి పెద్దది ఒకటి, పోస్టులకి రెండు, లోపలి గొట్టాలకి రెండు. ఐదూ ఒకేసారి మార్చండి. చూడ్డానికి బాగున్న రింగుని దాచుకోవద్దు, వాసన అందులోనే ఉంటుంది. రూట్ బీర్ వాసనైతే మరీ మొండిది.

రబ్బరులో నైట్రైల్, సిలికాన్ రెండూ దొరుకుతాయి. సిలికాన్ మెత్తగా ఉంటుంది కాబట్టి కాస్త వంకరపోయిన పాత అంచుల మీద మూత బాగా పడుతుంది. పాత కెగ్గు మూతకి సిలికాన్, పోస్టులకి మామూలు రింగులు పెట్టాను నేను. పోస్టు రింగులు కనెక్టర్ ఎక్కించి తీసిన ప్రతిసారీ రాసుకుంటాయి, అక్కడ గట్టిది మన్నుతుంది. ఏదైనా ఆహారానికి పనికొచ్చే సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. వాజిలీన్ లాంటివి వద్దు.

శానిటైజర్: రెండే పేర్లు

శానిటైజర్ మురికి మీద పనిచెయ్యదు, కడిగాకే దాని వంతు. స్టార్ శాన్ ఫాస్ఫారిక్ యాసిడ్‌తో చేసింది, ఐదు గాలన్ల నీళ్ళకి ఒక ఔన్స్, ఒకటి రెండు నిమిషాలు తడిసుంటే చాలు, కడగనక్కర్లేదు. నురగ బాగా వస్తుంది, ఆ నురగ బీరుకి హాని చెయ్యదు. గట్టినీళ్ళతో త్వరగా తెల్లబడి బలం తగ్గుతుంది కాబట్టి డిస్టిల్డ్ వాటర్‌తో కలిపితే ఎక్కువ రోజులొస్తుంది. అయొడొఫోర్ నురగ తక్కువ, ధర తక్కువ, కానీ ప్లాస్టిక్ గొట్టాలకి గోధుమ మరక పడుతుంది. కెగ్గులకి నేను స్టార్ శాన్ వైపే. నురగ మూల మూలకీ, మూత కిందకీ పోతుంది, నీళ్ళు పోని చోటికి కూడా.

లీకు పరీక్ష

బిగించాక ఖాళీ కెగ్గులోకి 30 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) దాకా కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ ఎక్కించండి. పాత మూత గట్టిగా కూర్చోవాలంటే ఆమాత్రం కావాలి. మూత చుట్టూ, పోస్టుల చుట్టూ సబ్బునీళ్ళు చల్లి బుడగలు చూడండి. తర్వాత గ్యాస్ గొట్టం తీసేసి ఒకరోజంతా వదిలి, మర్నాడు మూత మీది రింగు లాగి చూడండి. బుస గట్టిగా వస్తే కెగ్గు సిద్ధం. నీరసంగా వస్తే పోస్టు లోపలి చిన్న వాల్వుని అనుమానించండి, అందరూ మార్చడం మర్చిపోయేది అదే.

బీరు నింపడానికి ఇంకా టైముంటే కెగ్గుని ఊరికే నీళ్ళ తడితో మూసి పెట్టొద్దు. నేనైతే స్టార్ శాన్ నిండా పోసి, దాన్ని గ్యాస్‌తోనే పంపు గొట్టం గుండా మొత్తం బయటికి నెట్టేస్తాను. గొట్టం, పంపు కూడా ఆ దారిలోనే తడుస్తాయి, లోపల గాలికి బదులు కార్బన్ డయాక్సైడ్ మిగులుతుంది. పది పీఎస్‌ఐ దగ్గర ఆపి, మెడకి టేపు చుట్టి తేదీ రాస్తాను. నెల తర్వాత రింగు లాగినప్పుడు బుస రాకపోతే, ఆ కెగ్గుని బీరు పోసే ముందు మళ్ళీ విప్పుతాను.